అరవై రావాలి

చేతిలోని మీటరు మీద అంకె నూట ఇరవై దగ్గర ఆగింది. ముద్దుకృష్ణ కారు తలుపు పక్కన గొంతుక్కూర్చుని, స్టీరింగు కింది సాకెట్టులో గుచ్చిన రెండు సూదుల్నీ బయటికి తీశాడు. ప్యాంటు మోకాలికి తుడిచి మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ నూట ఇరవై.

అరవై రావాలి. రాలేదు.

ఉదయం ఏడు దాటింది. మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు మీద, పాత కార్లు అమ్మే సుదర్శన్ ఆవరణలో ఎండ అప్పుడే రేకుల కంచె మీదికి ఎక్కుతోంది. తెల్లకారు కడిగి తుడిచి, ఎదురుగా నిలబడితే ముఖం కనిపించేలా ఉంది. లోపల సీట్లకు షాంపూ వాసన. ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది. చెరువు ఎండిపోయాక పగుళ్ళలోంచి వచ్చే వాసన. బండి వరదనీళ్ళలో మునిగి తేలిందని ముద్దుకృష్ణకు తలుపు తెరవగానే అర్థమైంది.

అతనికి యాభై ఏడేళ్ళు. బక్కపలచని మనిషి, మెడ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. నలభై ఏళ్ళుగా డాష్‌బోర్డుల కింద తల దూర్చి దూర్చి అది అట్లాగే నిలిచిపోయింది. కుడిచేతి బొటనవేలి మీద సోల్డరు కాలిన మచ్చలు మినపగింజల్లా నల్లగా ఉంటాయి. సొంతంగా షెడ్డు లేదు, బోర్డు లేదు. భుజాన ఒక సంచి, అందులో మీటరు, సోల్డరు ఇనుము, కొన్ని వైర్లు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ మెకానిక్కుకైనా కారులో ‘ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మాటల్లేవు’ అని స్కానరు చూపిస్తే ముద్దుకృష్ణకు ఫోను చేస్తారు. అతను బస్సెక్కి వస్తాడు. పని చేస్తాడు. బస్సెక్కి వెళ్ళిపోతాడు.

పెద్దమండ్యం పక్కన చెనిక్కాయ చేలల్లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. పద్నాలుగో ఏట మదనపల్లె వచ్చి, భీమరావు లారీల ఎలక్ట్రిక్ షాపులో చేరాడు. అప్పట్లో బండి అంటే ఒక దీపానికి ఒక వైరు, ఒక హారనుకు ఒక వైరు. తెగిన చోటు వెతికి కలిపితే సరిపోయేది. తర్వాత బండ్లు మారాయి. ఇంజను, బ్రేకులు, స్టీరింగు, ముందున్న మీటర్లు, గుద్దుకున్నప్పుడు ఉబ్బే బెలూను, అన్నిటికీ ఒక్కో చిన్న కంప్యూటరు డబ్బా వచ్చింది. ఆ డబ్బాలన్నీ రెండే రెండు సన్నటి వైర్ల మీద మాట్లాడుకుంటాయి. ఆ రెండూ జడలా మెలేసుకుని బండి పొడుగునా సాగుతాయి. రెండు కొనలూ బాగుంటే మీటరు అరవై ఓములు చూపిస్తుంది. ఒక కొన తెగితే నూట ఇరవై. రెండు వైర్లూ ఒకదానికొకటి తగులుకుంటే సున్నా.

భీమరావు షాపులో అతనితోపాటు పనిచేసినవాళ్ళు ఆ కాలంలోనే పని మానేసి ఇన్వర్టర్లు, మోటార్ల వైపు వెళ్ళిపోయారు. ముద్దుకృష్ణ మాత్రం పదో తరగతి చదువుతున్న కూతురు ఉషాను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషు కాగితాలు చదివించుకున్నాడు. ఆ రెండు వైర్లను బస్సు అంటారని చదివి ఉషా పడిపడి నవ్వింది. “కారు లోపల బస్సేంది నాయనా?” అని. ఇప్పుడామె బెంగుళూరులో ఫోన్లు బిగించే కంపెనీలో ఉంది. ఆ నవ్వు తలచుకుంటే అతనికి ఇప్పటికీ పెదవులు కదులుతాయి.

అతను గేరు పక్కనున్న ప్లాస్టిక్కు పలకను ఊడదీశాడు. దాని కింద అరచేయంత డబ్బా ఉంది. ఈ రకం బండిలో ఆ జంట వైర్ల ఒక కొన ఆ డబ్బాలోనే ముగుస్తుంది. మూలల్లో తెల్లటి ఉప్పు పొర, మూతలో ఎండిన ఒండ్రు. అది బెలూను డబ్బా. మీటర్ల మధ్య మనిషి బొమ్మతో ఎర్రదీపం అదే పనిగా వెలుగుతున్నది దీనివల్లే.

సుదర్శన్ టీ గ్లాసుతో వచ్చాడు. నలభై ఐదేళ్ళ లావుపాటి మనిషి, నుదుట విభూతి.

“ఏం తేలిందన్నా?”

“బెలూను డబ్బా సచ్చిపోయిండాదప్పా. నీళ్ళు తాగిండాది. కొత్తది ఏసుకోవాల.”

“మద్యాన్నం పార్టీ వస్తాండాడు. పలమనేరు బడి అయివారు. పెండ్లాం బిడ్డల్ని పిల్సుకుని వస్తాండాడు. కొత్తది తెప్పించేదానికి యాడుండాది టైము? దీపం ఆరిపోతే సాలు.”

“దీపం ఊరికే ఆరదు.”

సుదర్శన్ పక్కన గొంతుక్కూర్చుని గొంతు తగ్గించాడు. “అప్పుడు పెట్టినావే, మీటర్ల ఎనక చిన్న సర్క్యూటు ముక్క. తాళం తిప్పితే వెలిగి, ఆరు సెకండ్లకు ఆరిపోయేట్ల. అట్లాంటిది పెట్టు.”

ముద్దుకృష్ణ సూదుల్ని చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. “పెట్టను.”

“యాల?”

“పెట్టనప్పా.”

“ఎనిమిదేండ్ల కింద పెట్టిన సేతులేగదన్నా ఇవి!” సుదర్శన్ నవ్వుతూనే అన్నాడు. కోపం లేదు. బేరంలో అనే మాట లాగే అన్నాడు.

ముద్దుకృష్ణ లేచాడు. లేవడంలో ఎడమ భుజం నుంచి మోచేయి దాకా ఏదో లాగినట్టయింది. పొద్దున్నుంచీ అట్లాగే ఉంది. రాత్రి చేయి కింద పడి నిద్రపోయి ఉంటాననుకున్నాడు. ఆ మాట భార్య జయమ్మకు చెబితే ఆమె కండెలు చుట్టే రాట్నం ఆపి, “ఆసుపత్రికి పోరాదా” అంది. రేపు పోతానన్నాడు. సంచి కుడి భుజానికి మార్చుకుని, బస్టాండు వైపు నడిచాడు.

*

ఎనిమిదేళ్ళ కిందటి కారు నీలం రంగుది. అది కూడా ఎక్కడో నీళ్ళలో మునిగినదే. సుదర్శన్ అడిగాడు, అతను పెట్టాడు. గంటన్నర పని. అప్పుడతనికి అది తప్పనిపించలేదు. ఆ చిన్న ముక్క ఎంత నేర్పుగా కుదిరిందో చూసుకుని లోలోపల మురిసిపోయాడు కూడా. తాళం తిప్పితే ఎర్రదీపం వెలిగి, ఆరు సెకన్లకు పద్ధతిగా ఆరిపోయింది. కారుకు ఒంట్లో బాగున్నట్టే ఉంది.

ఆ కారును పెద్దపంజాణి దగ్గరి పల్లెవాడు నాగరాజు కొన్నాడు. పుంగనూరులో బాడుగకు తిప్పాడు. రెండు నెలలకు పలమనేరు దారిలో, దీపాలు లేకుండా నిలిపిన ట్రాక్టరు ట్రాలీని వెనకనుంచి గుద్దాడు. వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బతికారు. నాగరాజు బతకలేదు.

మాట తెలిశాక ముద్దుకృష్ణ పలమనేరు వెళ్ళాడు. పోలీసుస్టేషను పక్కన కారును పడేసి ఉంచారు. ముందరి భాగం అప్పడంలా ముడుచుకుపోయింది. స్టీరింగు నడిమధ్య బిళ్ళ మాత్రం ఎక్కడా చీలలేదు, పగలలేదు. అంగట్లో కొత్తగా పెట్టిన వస్తువులా నున్నగా ఉంది. బెలూను బయటికి రాలేదు. విరిగిన మీటర్ల పలక వెనక అతని చిన్న ముక్క వేలాడుతోంది. తన సోల్డరును తాను గుర్తుపట్టాడు.

ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. ఏ కాగితంలోనూ అతని పేరు రాలేదు. మళ్ళీ అట్లాంటి పని చెయ్యలేదు, అంతే. రెండేళ్ళ తర్వాత పుంగనూరు బస్టాండు పక్కన బొరుగుల బండి పెట్టుకున్న మునీశ్వరి ఆ నాగరాజు భార్యేనని ఒక డ్రైవరు చెప్పగా విన్నాడు. ఆనాటి నుంచీ ఆ దారిన పోయినప్పుడల్లా అక్కడ దిగి బొరుగులు కొనేవాడు. ఒకసారి ఆమె బండికి బ్యాటరీ దీపం అమర్చి పెట్టాడు. ఆమె అతన్ని ‘వైర్లప్ప’ అని పిలుస్తుంది. ఆరేళ్ళయింది. ఇంటికి తెచ్చిన బొరుగులు అతను ఎన్నడూ తినలేదు. జయమ్మే తినేది. “యాల ఇన్ని తెస్తావు?” అని విసుక్కునేది.

*

పుంగనూరులో బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర. మునీశ్వరి నాలుగు చక్రాల బండి మీద బొరుగుల కుప్పను చేత్తో ఎగదోస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. వేయించిన చెనిగ్గింజల వేడికి ముఖం ఎర్రబడి ఉంది.

“ఏమప్పా, ఈ పొద్దు బిన్నే వస్తివి?”

“కుప్పం పోతాండానమ్మా. పనుండాది.”

ఆమె అడక్కుండానే పొట్లంలోకి బొరుగులు పోసింది. మీద రెండు గుప్పెళ్ళు చెనిగ్గింజలు వేసి, దారం చుట్టి చేతికిచ్చింది. ముద్దుకృష్ణ పొట్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. దారి పొడుగునా సుదర్శన్ మాటే చెవిలో తిరిగింది. ఈ చేతులేగదా. ఇవే.

“అమ్మా, నీకొక మాట సెప్పాల.”

“సెప్పప్పా.”

“మీ ఆయన కారులో ఒక ఎర్రదీపం ఉంటాది. గుద్దుకుంటే స్టీరింగులోనుంచి బెలూను వస్తాది గదా, అది సెడిపోయింటే ఆ దీపం ఆరకుండా వెలుగుతానే ఉంటాది. ఆ కారులో బెలూను సెడిపోయింది. అమ్మేటప్పుడు దీపం ఆరిపోయేట్ల సేసింది నేనేనమ్మా.”

మునీశ్వరి చేతిలోని గరిటె బొరుగుల మీద ఆగింది. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మాటల్ని ఒకటొకటిగా లోపలికి తీసుకుంటున్నట్టు అతని నోటి వైపే చూసింది.

“నువ్వా?”

“నేనే.”

“ఆ బెలూను వచ్చింటే బతికుండునా?”

“ఏమోనమ్మా. బతికుండునేమో, లేదేమో. ఎవురూ సెప్పలేరు. దీపం ఎలుగుతా ఉండింటే ఆయన ఆ కారు కొనుండడు. అది మాత్రం నిజం.”

“తెలిసే సేసినావా?”

“తెలిసే సేసినా.”

ఒకావిడ వచ్చి బొరుగులడిగింది. మునీశ్వరి కొలిచి ఇచ్చింది, ఆవిడ వెళ్ళిపోయింది. మునీశ్వరి చేయి చాచి, ముద్దుకృష్ణ చేతిలోని పొట్లం తీసుకుంది. దారం మెల్లగా విప్పింది. బొరుగుల్ని తిరిగి కుప్పలో పోసింది. చెనిగ్గింజల్ని ఏరి, వేరుగా వాటి తట్టలో వేసింది. ఒక్కటి కూడా వదల్లేదు. అంతసేపూ అతను నిలబడే ఉన్నాడు.

“ఆరేండ్లుగా వస్తాండావు ఈడికి.”

“వస్తాండానమ్మా.”

“నేను నిన్ను అప్పా అప్పా అని పిలిస్తి.”

అతను సంచి భుజానికి సర్దుకున్నాడు.

“పో,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “నీ బస్సొచ్చిండాది.”

బస్సింకా రాలేదు. అతను రోడ్డుకు అవతలి వైపు వెళ్ళి, మూసి ఉన్న ఒక అంగడి మెట్టు మీద ఆమెకు కనబడకుండా కూర్చున్నాడు. బస్సు వచ్చేదాకా తల ఎత్తలేదు.

పలమనేరు దారిలో ఆ చోటు వచ్చినప్పుడు ఎప్పుడూ ముఖం అవతలికి తిప్పుకునేవాడు. ఈసారి చూశాడు. అక్కడేమీ లేదు. రోడ్డు వెడల్పు చేశారు. ఎవరో టీ బంకు పెట్టుకున్నారు. నాలుగు ప్లాస్టిక్కు కుర్చీలు, ఒక కుర్చీలో కుక్క పడుకుని ఉంది. ముద్దుకృష్ణకు ఏడుపు రాలేదు. తేలిగ్గానూ అనిపించలేదు. చెబితే బరువు దిగుతుందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. దిగలేదు. ఇప్పుడు అందులో ఆమె కూడా మోయాల్సిన వాటా చేరింది, అంతే.

*

కుప్పంలో రైల్వే గేటు దగ్గరి షెడ్డుకు చేరేసరికి ఒంటిగంట దాటింది. టాక్సీ నడిపే రాజేంద్ర ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. గుడుపల్లె నుంచి రక్తం శుద్ధి చేయించుకునే రోగుల్ని వారానికి మూడుసార్లు కుప్పం ఆసుపత్రికి తెచ్చి, తిరిగి దింపుతాడు. బండి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి చచ్చిపోతోంది. మీటర్ల ముళ్ళన్నీ సున్నాకు పడిపోతాయి, స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. పోయిన శుక్రవారం అడవి మలుపులో రెండు గంటలు నిలిచిపోయింది. ఈ రోజు ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతే నలుగురు కలిసి ఇక్కడిదాకా తోసుకొచ్చారు.

“బ్యాటరీ మార్సినానన్నా. స్టార్టరు మార్సినాను. ఇంజను కంప్యూటరు పోయిండాది, కొత్తది ఎయ్యాల అంటాండారు.”

షెడ్డు ముందు రేకుల నీడలో ఒక పెద్దామె కుర్చీలో కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. పేరు నారాయణమ్మ. ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంది, దాని మీద కొత్తగా అంటించిన దూది. పొద్దున నాలుగు గంటలు మిషను మీద పడుకుని వచ్చింది. ఇంటికి పోవాలి. బస్సులో కూర్చునే ఓపిక లేదు.

ముద్దుకృష్ణ బ్యాటరీ తీగ విప్పి, మీటరు పెట్టాడు. అరవై. వైరు జడ పట్టుకుని ఊపాడు. అరవై. బానెట్టు కింద, సీట్ల కింద, డబ్బా డబ్బాకూ వెళ్ళి తట్టాడు. అరవై, అరవై, అరవై. గంట గడిచింది. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయే జబ్బును పట్టుకోవడం కష్టం. వచ్చినప్పుడు మనం దాని పక్కన ఉండాలి. అతని వీపంతా చెమటకు తడిసింది. అంత ఎండేమీ లేదు.

“ఎప్పుడెప్పుడు ఆగుతాదిది?”

“లెక్కలేదన్నా. ఏసీ ఏసుకుని పోతే ఎక్కువ అనిపిస్తాది. ఆయమ్మకు ఏసీ లేకుంటే వాంతి అవుతాది.”

ముద్దుకృష్ణ నారాయణమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

“నువ్వెప్పుడూ ముందర సీట్లోనే కూకుంటావా అమ్మా?”

“ఆ అప్పా. ఎనకైతే తిప్పుతాది.”

“బండి ఆగేదానికి ముందు నీకేమన్నా తెలిసిందా? వాసన, సప్పుడు, ఏదైనా?”

నారాయణమ్మ రాజేంద్ర వైపు చూసింది. అతను కొంచెం దూరంలో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

“నా కాళ్ళ కింద తడి ఉంటాదప్పా. సల్లగా తగులుతాది. నేనే పోసుకున్నానని అనుకుంటారని ఎవురికీ సెప్పలా. నాకు ఒంటికి రాక రెండేండ్లాయ. అయినా సిగ్గాయ. దిగేటప్పుడు నా తువ్వాలతో తుడిసి దిగుతాను.”

ఇంతమంది మెకానిక్కులు చూశారు. సీట్లో కూర్చునే మనిషిని ఎవరూ అడగలేదు.

ముద్దుకృష్ణ ముందరి ఎడమ సీటు కింది కార్పెట్టును పైకి లాగాడు. అడుగున నీళ్ళు. ఏసీ నీళ్ళు బయటికి పోవాల్సిన గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టింది. నీళ్ళు లోపలికి తిరిగి, పక్కపలక వెనక రెండు వైపుల వైర్లనూ కలిపి బిగించే కలుపు మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి. ఆ కలుపును విప్పి ఎండలో పెట్టి చూశాడు. లోపలి రాగి పచ్చగా, పాచిలా తినేసి ఉంది. దాన్ని తిరిగి బిగించి, మీటరు చూస్తూ బొటనవేలితో నొక్కాడు. అరవై. వదిలాడు. నూట ఇరవై. నొక్కాడు. అరవై.

“దొరికింది,” అన్నాడు మెల్లగా, తనకు తానే.

నారాయణమ్మ కుర్చీలోంచి లేచి, రెండడుగులు వేసి వచ్చి చూసింది. “నీళ్ళేనా అప్పా?”

“ఏసీ నీళ్ళమ్మా. నీదేం తప్పు లేదు. నువ్వు సెప్పకపోతే ఈ పొద్దు కూడా దొరికుండదు.”

ఆమె ముఖంలో ఏదో సడలింది. కొంగుతో నోరు మూసుకుని, నవ్విందో ఏడ్చిందో తెలియకుండా కాసేపు నిలబడింది.

కుళ్ళిన చోటు కత్తిరించి, మంచి రాగి కనబడేదాకా వైరు ఒలిచాడు. రెంటినీ వేరువేరుగా అతికి, మళ్ళీ జడలా మెలిపెట్టాడు. ఆ మెలి ఉండాలి. లేకపోతే బయటి రొద లోపలి మాటల్లో కలుస్తుంది. సోల్డరు కరిగి పారుతుండగా ఎడమచేయి మొద్దుబారింది. ఇనుము కింద పెట్టి, తలుపుకు ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

“మొగం నల్లబడిండాదప్పా,” అంది నారాయణమ్మ. “ఆసుపత్రి ఈడే. నాకందరూ తెలుసు. పోదాం పా.”

“గ్యాసమ్మా. పొద్దున్నుంచీ ఏం తినలా. ఇది కానీ.”

“కానీ కానీ అని మా ఆయన కూడా అట్లే అన్నె.”

అతను నవ్వి, మళ్ళీ ఇనుము అందుకున్నాడు.

మిగిలింది చుట్టడం. సంచిలోంచి నల్లటి టేపు చుట్ట తీసి, అతుకుల మీద ఒక్కో చుట్టూ లాగి పట్టి చుట్టాడు. మధ్యమధ్యలో చేతులు ఖాళీ కావడానికి చుట్టను గేరు కడ్డీకి గాజులా తొడిగి పెట్టుకున్నాడు. మట్టిగూడు పొడిచేసి, గొట్టంలో నీళ్ళు పోసి అవి రోడ్డు మీద కారేదాకా చూశాడు. కార్పెట్టును మాత్రం తడి ఆరేదాకా మడిచి ఉంచమని చెప్పి, బ్యాటరీ తీగ తిరిగి బిగించాడు.

రాజేంద్ర తాళం పట్టుకుని సీట్లో కూర్చున్నాడు. “అన్నా, ఆ బెలూను ఎర్రదీపం కూడా రెండు నెలలుగా ఎలుగుతా ఉండాది. ఎక్కినోళ్ళు సూసి అడుగుతాండారు. దాన్ని ఆర్పేయకూడదా?”

ముద్దుకృష్ణ అవతలి సీట్లో కూర్చుంటూ ఆగాడు. “నేను ఆర్పను. డబ్బా మంచిదైతే ఈ అతుకుతో దానంతట అదే ఆరిపోవాల. ఆరకపోతే నువ్వు బండి తియ్యగాకు. తాళం తిప్పు.”

మీటర్లలోని దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఒకటొకటిగా ఆరిపోయాయి. ఎర్రది మిగిలింది. ముద్దుకృష్ణ పెదాలు అంకెలు లెక్కపెట్టాయి. ఆరు దగ్గర అది ఆరిపోయింది.

“ఇంగోసారి.”

మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. మూడోసారి కూడా తిప్పించాడు. ఎర్రదీపం ఆరిపోయిన చోటు వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

“మల్ల ఎప్పుడైనా అది ఎలిగి ఆరకుండా ఉంటే, ఎవురన్నా వచ్చి ఊరికే ఆరుపుతామన్నా, ఒప్పుకోగాకు. ఇనపడిందా?”

“సరేన్నా.”

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. నారాయణమ్మ వెనక సీటెక్కింది. ముందుసీటు అడుగు ఇంకా తడిగా ఉంది. “నిన్ను బస్టాండులో దింపి పోతామన్నా,” అన్నాడు రాజేంద్ర. గేరు వెయ్యబోతే టేపు చుట్ట చేతికి తగిలింది. తీసి ఇవ్వబోయాడు.

“ఉండనీలే. దిగేటప్పుడు ఎత్తుకుంటా.”

నాలుగున్నర అయింది. ఏసీ గాలి చల్లగా ముఖానికి తగిలింది. ముద్దుకృష్ణ తల వెనక్కి వాల్చాడు. ఒరిగిన మెడ సీటు మూలలో చక్కగా ఇమిడింది.

“ఇంట్లో ఎవురుండారప్పా?” వెనకనుంచి నారాయణమ్మ అడిగింది.

“జయమ్మ ఉండాది. కండెలు సుడతాది.”

రైలు పోతోంది. గేటు పడి ఉంది. రాజేంద్ర ఇంజను ఆపకుండా కాచుకున్నాడు. ముళ్ళన్నీ తమ తమ అంకెల మీద కదలకుండా నిలబడి ఉన్నాయి. చాలా రోజుల తర్వాత రాజేంద్రకు ధైర్యంగా అనిపించింది. గేటు లేచింది. సంత జనంలోంచి మెల్లగా దారి చేసుకుని, బస్టాండు ముందు ఆపాడు.

“అన్నా, బస్టాండు.”

ముద్దుకృష్ణ పలకలేదు.

“నిద్రపోయినాడు,” అన్నాడు రాజేంద్ర.

నారాయణమ్మ ముందుకు వంగింది. అతని భుజం మీద చెయ్యి వేసి, ఒక క్షణం అట్లాగే ఉంచింది. ఆ చెయ్యి మిషను గదిలో పక్క మంచాల మీది మనుషుల్ని ఎందర్నో తాకి చూసిన చెయ్యి.

“బండి తిప్పు నాయినా,” అంది. “ఆసుపత్రికి తిప్పు.”

బండి ఎక్కడా ఆగలేదు. ఆరు నిమిషాల్లో చేరారు. డాక్టరు చూసి, దారిలోనే పోయాడన్నాడు.

అతని ఫోనులో ‘ఇల్లు’ అని ఉన్న నంబరుకు రాజేంద్ర చేశాడు. జయమ్మ అంతా విన్నది. వెనక ఎవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించింది. “కుప్పంలోనా?” అని మాత్రం అడిగింది. “అంత దూరంలోనా?”

మరునాడు ఉషా బెంగుళూరు నుంచి వచ్చింది. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. మెకానిక్కులు కొందరు వచ్చి నిలబడి వెళ్ళారు. సుదర్శన్ పూలదండ పంపించాడు. పుంగనూరులో మునీశ్వరికి చెప్పాలని ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు రాజేంద్ర గుడుపల్లెలో నారాయణమ్మను ఎక్కించుకున్నాడు. కార్పెట్టు ఆరింది. ఆమె మళ్ళీ ముందర కూర్చుని, పాదాలు కింద ఆనించి చూసుకుంది. పొడిగా ఉంది. రాజేంద్ర తాళం తిప్పి, దీపాలన్నీ ఆరేదాకా ఆగి, గేరు మీద చెయ్యి వేశాడు. టేపు చుట్ట ఇంకా కడ్డీకే ఉంది. తీసి అరలో పడేద్దామని పట్టుకున్నాడు.

“ఉండనీ,” అంది నారాయణమ్మ.

అతను వదిలేశాడు. సగం వాడిన నల్లటి చుట్ట. దాని కొసను, మళ్ళీ వాడేటప్పుడు గోటితో వెతుక్కోకుండా సులువుగా దొరకాలని, ఆ మనిషి చిన్నగా లోపలికి మడిచి పెట్టి ఉంచాడు.